డల్లాస్ మనకు ఉత్తరాన ఉంది

మా పక్కింటి దంపతులు కూతురి పురుడు కోసం డల్లాస్ ప్రయాణం కట్టారు. బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి, "సార్, అమెరికా పడమర దిక్కున కదా ఉండేది? మా విమానం ఎన్ని సముద్రాలు దాటాలి?" అని అడిగారు. ముప్పై ఏళ్లు బడిలో భూగోళం చెప్పినవాణ్ణి, ఇలాంటి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పబుద్ధి కాలేదు. అటక మీది గ్లోబు దించి దుమ్ము తుడిచాను. దారం ఒక కొసను తిరుపతి మీద నేను వేలితో నొక్కిపట్టి, రెండో కొసను డల్లాస్ దాకా ఆయన్ను లాగమన్నాను. అరేబియా సముద్రం మీదుగా లాగారు. బిగించేకొద్దీ దారం పైకి జారింది. యూరప్ దాటింది, గ్రీన్‌లాండ్ దాటింది, చివరకు ఉత్తర ధ్రువం పక్కన నిలిచింది.

తిరుపతి రేఖాంశం దాదాపు 79.5 డిగ్రీల తూర్పు. భూమికి అవతలి వైపు దానికి సరిగ్గా ఎదురు వచ్చేది 100.5 డిగ్రీల పడమర. డల్లాస్ 97 దగ్గర ఉంది. అంటే మూడున్నర డిగ్రీల తేడాతో మన రేఖాంశం కొనసాగింపు మీదే ఆ ఊరు ఉంది. రేణిగుంట నుంచి ముక్కుసూటిగా ఉత్తరానికి పోతే నాగపూర్‌కు కాస్త తూర్పుగా సాగి, నైనిటాల్, హిమాలయాలు, టిబెట్ పడమటి భాగం, కజకిస్తాన్, సైబీరియా దాటి ఆర్కిటిక్ మంచులోకి చేరతాం. ధ్రువం దాటిన క్షణం నుంచి అదే దారి దక్షిణ దిశ అవుతుంది. కెనడా, డకోటా రాష్ట్రాలు, నెబ్రాస్కా, కాన్సాస్, ఓక్లహోమా, ఆ తరువాత టెక్సాస్.

దూరం లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. ఒక అక్షాంశ డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. తిరుపతి 13.6 డిగ్రీల మీద ఉంది కనుక ధ్రువానికి 76.4 డిగ్రీలు, అంటే దాదాపు 8,480 కిలోమీటర్లు. ధ్రువం నుంచి డల్లాస్‌కు 57 డిగ్రీల పైచిలుకు, సుమారు 6,340. మొత్తం 14,800 పైన. గోళం మీద రెండు ఊళ్లను కలిపే అతి దగ్గరి గీతను మహావృత్తపు దారి అంటారు. గోడ మీది పటంలో ఈ దారి కనబడదు. ఆ పటం గీసే పద్ధతిని 1569లో మెర్కేటర్ అనే పటాల రూపకర్త నావికుల కోసం పుట్టించాడు. ఒకే దిక్కు పట్టుకుని పోయే ఓడ దారి అందులో సరళరేఖగా వస్తుంది. అందుకోసం ధ్రువాల వైపు పోయేకొద్దీ నేలను సాగదీశారు. ధ్రువం ఆ పటంలో అసలు పట్టదు. మన దారి మాత్రం సరిగ్గా దాని పక్కనుంచే పోతుంది.

అయితే విమానాలు ఆ గీత మీదే ఎగరవు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,500 మీటర్లు. విమానం లోపలి గాలి ఒత్తిడి తగ్గితే పైలట్ వెంటనే 3,000 మీటర్ల దరిదాపులకు దించాలి. అక్కడ దించడానికి చోటు లేదు, కింద నేలే అంతకన్నా ఎత్తుగా ఉంది. పైగా 2022 నుంచి రష్యా గగనతలం చాలా దేశాల విమానాలకు మూతపడింది. మా పక్కింటివారు చెన్నై నుంచి దోహా, అక్కడి నుంచి డల్లాస్ వెళ్లారు. ఆ దారి సుమారు 16,000 కిలోమీటర్లు.

గాలి సంగతి చెప్పాలంటే మన జిల్లా గొప్ప చెప్పాలి. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి, మన నెత్తిమీది గాలులను ఎత్తుల వారీగా కొలుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక గాలి నది పారుతుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950లలో లోకానికి వివరించినవారు పంచేటి కోటేశ్వరం, తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయినవారు. బస్సులో గాదంకి దాటేటప్పుడల్లా నాకు ఆ పేరు గుర్తొస్తుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద ఇందుకు ఎదురు గాలి, పడమర నుంచి తూర్పుకు, గంటకు 200 కిలోమీటర్లు దాటి వీస్తుంది. అమెరికా నుంచి తూర్పుగా తిరిగి వచ్చే ప్రయాణం తరచు తక్కువ సేపు పట్టడానికి ఇలాంటి పడమటి గాలులే కారణం.

ఇక ఇంధనం. ఒక కిలో విమాన ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిలో మండితే మూడు కిలోలు ఎలా వస్తాయని పిల్లలు అడిగేవారు. ఇంధనంలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది, ఆ అదనపు బరువు గాలిదే. చాలా దూరం పోయే విమానం ఎగిరేటప్పటి బరువులో మూడో వంతుకు పైగా ఇంధనమే ఉండవచ్చు. ఇంధనాన్ని మోయడానికే కొంత ఇంధనం ఖర్చవుతుంది. డల్లాస్‌కు ఒకవైపు ప్రయాణంలో మామూలు తరగతి ప్రయాణికుడి వాటా సుమారు ఒక టన్ను నుంచి టన్నున్నర వాయువు. రానుపోను రెండు మూడు టన్నులు. సగటు భారతీయుడి లెక్కన ఏడాది మొత్తానికి వచ్చేది దాదాపు రెండు టన్నులు. ఈ పోలిక నన్ను చాలాకాలం వదల్లేదు.

వాయువుతో పని అయిపోదు. విమానం వెనక కనబడే తెల్లటి చార మంచు స్ఫటికాల మేఘం. తేమగా, బాగా చల్లగా ఉన్న గాలిలో అది విస్తరించి, భూమి నుంచి పైకి పోయే వేడిని దుప్పటిలా ఆపుతుంది. ఈ చారలను, ఇతర ప్రభావాలను కలిపితే విమానయానం వల్ల కలిగే వేడిలో కార్బన్ డయాక్సైడ్ వాటా మూడో వంతు మాత్రమేనని శాస్త్రజ్ఞుల అంచనా. బిడ్డ పురిటికి వెళ్లే తల్లిదండ్రులను ఈ లెక్కతో నిలదీయడం నాకు ఇష్టం లేదు. రెండుసార్లు వెళ్లే బదులు ఒకసారి వెళ్లి నెలల తరబడి ఉండటం, చెన్నై దాకా రైల్లో పోవడం మేలని మాత్రం ఆయనతో అన్నాను.

ఆయన భార్య అడిగింది నిద్ర గురించి. వేసవిలో డల్లాస్ గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనక. ఇక్కడ సూర్యుడు నడినెత్తిన ఉంటే అక్కడ నడిరేయి. మెదడు అడుగున, రెండు కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన, దాదాపు 20,000 కణాల గుత్తి ఒకటి ఉంది. శరీరానికి అదే పెద్ద గడియారం. కాలేయానికి, పేగులకు సొంత గడియారాలున్నాయి, అవి భోజన వేళలను బట్టి నడుస్తాయి. పెద్ద గడియారం వెలుతురు మాట వింటుంది, కానీ రోజుకు గంట, గంటన్నర మించి జరగదు. మనిషి సహజ చక్రం 24 గంటలకన్నా కొద్దిగా ఎక్కువ కాబట్టి దాన్ని వెనక్కి జరపడం, అంటే ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేవడం, తేలిక; ముందుకు జరపడం కష్టం. అందుకే తిరిగి వచ్చాక బాధ ఎక్కువ.

వెలుతురు ఎప్పుడు పడిందన్నదే కీలకం. ఒంటి వేడి అతి తక్కువగా ఉండేది మామూలుగా తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో. అంతకు ముందు పడిన వెలుతురు గడియారాన్ని వెనక్కి, తరువాత పడింది ముందుకు జరుపుతుంది. తిరుపతి శరీరానికి ఆ నాలుగు గంటలు డల్లాస్‌లో సాయంత్రం ఐదున్నర. కాబట్టి మొదటి రెండు రోజులు మధ్యాహ్నం చెట్టు నీడనైనా సరే బయట గడపాలి, ఐదున్నర దాటాక ఎండ కంట పడకుండా ఉండాలి. మూడో రోజు నుంచి ఆ హద్దును రోజుకో గంట ఆలస్యం చేసుకుంటూ పోవాలి. మధుమేహం మందులు వాడేవారు వేళల మార్పును వైద్యులతో ముందే మాట్లాడుకోవాలి.

చేరిన మర్నాడు ఆయన ఫోను చేశారు. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర, అక్కడ రాత్రి మూడు. విపరీతంగా ఆకలేసి లేచారట. కూతురికి నిద్రాభంగం కాకుండా చీకట్లోనే పెరుగన్నం కలుపుకుంటున్నారు. ఎండలోకి ఎప్పుడు వెళ్లాలో మళ్లీ చెప్పమన్నారు. పన్నెండుకు బయలుదేరి ఐదులోపు ఇల్లు చేరమన్నాను.