శత్రుదేశంలో పెట్టిన అన్నం ఎన్నాళ్లు గుర్తుంటుంది?

క్రైస్తవ యువతీయువకులు పరాయి దేశాలకు సేవకు వెళ్లడం ఇప్పుడు మామూలు విషయం. రెండు వారాలు ఉండి, బడి గోడలకు రంగులేసి వచ్చేసేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ మేలు పొందినవాళ్ల మనసులో అది ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్నకు గత వందేళ్ల చరిత్రలోనే జవాబు దొరుకుతుంది.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఆయుధం పట్టడం విశ్వాసానికి విరుద్ధమని నమ్మిన క్వేకర్ అనే క్రైస్తవ శాఖ యువకులు అలాగని ఇంట్లో కూర్చోలేదు. ఆ ఏడాదే ఏర్పడిన క్వేకర్ల సేవాసంస్థ అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ, హావర్‌ఫర్డ్ కాలేజీలో దాదాపు వంద మందికి శిక్షణ ఇచ్చి ఫ్రాన్స్‌కు పంపింది. నేలమట్టమైన ఊళ్లలో వాళ్లు మళ్లీ ఇళ్లు కట్టారు.

యుద్ధం ముగిశాక ఓడిపోయిన జర్మనీలో పిల్లలు ఆకలితో చిక్కిపోతున్నారు. నిన్నటిదాకా శత్రువులే అయినా క్వేకర్లు అక్కడికీ వెళ్లారు. 1920లో మొదలుపెట్టిన భోజనం 1921 నాటికి రోజుకు దాదాపు 10 లక్షల మంది పిల్లలకు అందింది. సరుకుల్లో ఎక్కువ భాగం హెర్బర్ట్ హూవర్ నడిపిన సహాయ సంస్థ సమకూర్చినా, వడ్డించిన చేతుల పేరే జనం నోట నిలిచింది. దాన్ని వాళ్లు 'క్వేకర్ భోజనం' అనే పిలుచుకున్నారు.

ఆ జ్ఞాపకానికి 1938 చివర్లో పరీక్ష ఎదురైంది. యూదుల మీద నాజీలు దేశమంతటా దాడులు చేసిన కొన్ని వారాలకే అమెరికన్ క్వేకర్ నాయకుడు రూఫస్ జోన్స్, మరో ఇద్దరు క్వేకర్లు బెర్లిన్‌లో నాజీల రహస్య పోలీసు విభాగమైన గెస్టపో కార్యాలయానికి వెళ్లారు. అప్పట్లో పిల్లలకు అన్నం పెట్టిన సంగతిని గుర్తుచేస్తూ ఒక కాగితం అందించారు. యూదులకు సాయం చేయనివ్వడానికి అధికారులు ఒప్పుకున్నారు. దానివల్ల దక్కింది కొంచెమే. కానీ అంత క్రూరమైన గడప దాటడానికి వాళ్ల చేతిలో ఉన్నది ఆ పాత అన్నం ఒక్కటే.

మేలు పొందినవాళ్లు తిరిగి ఇవ్వగలిగే దారి ఉంటే కృతజ్ఞత ఇంకా బలపడుతుందని నాకనిపిస్తుంది. బ్రెదరెన్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన అమెరికన్ డాన్ వెస్ట్ స్పెయిన్ అంతర్యుద్ధంలో పిల్లలకు పాలు పంచుతూ, ఇలా గ్లాసులు ఎన్నాళ్లు నింపగలం, ఆవునే ఇస్తే పోదా అనుకున్నారు. అలా పుట్టిన హైఫర్ ప్రాజెక్టు 1944లో మొదటి విడతగా 17 పెయ్యలను ప్యూర్టోరికోకు పంపింది. ఆవు అందుకున్న కుటుంబం దానికి పుట్టిన మొదటి పెయ్యదూడను ఇంకో పేద ఇంటికి ఇవ్వాలన్నది షరతు. ఎంత గొప్ప షరతో! నిన్న చేయి చాచిన మనిషి రేపు దాత అవుతాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాదాపు 7,000 మంది ఓడల్లో పశువులను, గుర్రాలను మేపుకుంటూ యూరప్‌కు చేర్చారు. వాళ్లలో చాలామంది కుర్రాళ్లే.

1958లో జర్మనీలో లోథర్ క్రైసిగ్ అనే క్రైస్తవ మాజీ న్యాయమూర్తి ఇంకో అడుగు వేశారు. నాజీల చేతిలో నలిగిన దేశాలకు తమ యువతను పంపి, మీ నేలమీద మా చేతులతో ఏదైనా మంచి పని చేయనివ్వండని అడగాలన్నారు. ఇక్కడ సేవకు వెళ్లేవాళ్లే అనుమతి కోరుతున్నారు, దొరికితే రుణపడుతున్నారు. అలా వెళ్లిన జర్మన్ యువత 1961లో ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో, తమ దేశపు బాంబులకు కూలిన కెథడ్రల్ శిథిలాల్లో ఒక అంతర్జాతీయ కేంద్రం కట్టడానికి పనిచేశారు. 1965లో బ్రిటిష్ యువతీయువకులు డ్రెస్డెన్ చేరుకుని, 1945 బాంబు దాడుల్లో దెబ్బతిన్న డీకనెస్ ఆసుపత్రి పునర్నిర్మాణంలో పాలుపంచుకున్నారు. వాళ్లను పంపింది కొవెంట్రీ కెథడ్రలే.