ఫ్రాంక్లిన్ బృందాన్ని చంపింది సీసమేనా? అపోహలు - వాస్తవాలు

పాత ఎముకలను పరీక్షించడం, ఆ పని నేర్పడం నా వృత్తి. ఫ్రాంక్లిన్ యాత్ర మాట ఎత్తగానే "సీసం వల్ల పోయారు కదండీ" అంటారు ఎవరో ఒకరు. 1845లో బ్రిటిష్ నావికాధికారి జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో బ్రిటన్ నుంచి ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలు కెనడా ఉత్తరాన మంచు సముద్రం మీదుగా పసిఫిక్‌కు దారి వెతకబోయాయి. గ్రీన్‌లాండ్ దాటిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

అపోహ: డబ్బా తిండిలోని సీసమే అందరినీ చంపింది.

వాస్తవం: వాళ్లు మొదటి చలికాలం గడిపిన బీచీ దీవిలో మంచులో చెడిపోకుండా ఉన్న ముగ్గురు నావికుల దేహాలను 1980లలో పరీక్షిస్తే సీసం బాగా ఎక్కువగా కనిపించింది. సీసం కలిసిన టంకంతో అతికిన తిండి డబ్బాల మీద అనుమానం అప్పుడే బలపడింది. కానీ ఆ ముగ్గురూ 1846 మొదటి నెలల్లోనే పోయారు. తప్పు డబ్బాలదే అయితే, ఆ తర్వాత రెండేళ్లూ అదే తిండి తిన్నవాళ్ల ఎముకల్లో సీసం ఇంకా పేరుకోవాలి. 2018లో వెలువడిన పరిశోధనలో అలాంటి తేడా తేలలేదు. నీటి గొట్టాల నుంచి గోడల రంగుల దాకా సీసం వాడిన కాలమది; ఓడెక్కేనాటికే ఒంట్లో కొంత ఉండే ఉంటుంది.

అపోహ: ఓడలు మంచులో నలిగి అక్కడికక్కడే మునిగాయి.

వాస్తవం: 1846 సెప్టెంబరులో మంచులో చిక్కిన ఓడలను 1848 ఏప్రిల్‌లో వదిలేశారు. 2014లో ఎరెబస్, 2016లో టెర్రర్ దొరికింది అక్కడికి చాలా దక్షిణాన. అంటే చిక్కిన చోటే మునగలేదు. టెర్రర్‌లో పళ్లేలు ఇంకా అరల్లోనే ఉన్నాయి; నలిగిపోయిన ఓడలో అలా ఉండవు.

అపోహ: నావికులు మనిషి మాంసం తిన్నారన్నది ఇన్యూట్‌ల (అక్కడి మంచు ప్రాంత మూలవాసుల) కట్టుకథ.

వాస్తవం: ఇది నాకు కోపం తెప్పించే అపోహ. 1854లో అన్వేషకుడు జాన్ రే ఇన్యూట్‌లు చెప్పింది విని లండన్‌కు నివేదించాడు. బ్రిటిష్ నావికులు అలాంటి పని చేయరంటూ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన పత్రికలో నింద ఇన్యూట్‌ల మీదికే నెట్టాడు. ఓడలు వదిలాక నావికులు దిగిన కింగ్ విలియం దీవిలో దొరికిన ఎముకలను 1990లలో పరిశీలిస్తే కత్తి గాట్లు కనిపించాయి. 2024లో గాట్లున్న ఒక దవడ ఎరెబస్ కెప్టెన్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్‌దని డీఎన్ఏతో తేలింది. అంటే హోదా కూడా కాపాడలేదు. ఎరెబస్ మునిగిందని ఇన్యూట్‌లు చెబుతూ వచ్చింది కూడా అది దొరికిన ప్రాంతంలోనే. నూటఅరవై ఏళ్లు ఆలస్యంగా నమ్మాం, అంతే.

అపోహ: ఇన్యూట్‌ల్లా బతకడం నేర్చుకుని ఉంటే అందరూ బయటపడేవారు.

వాస్తవం: ఇందులో సగమే నిజం. పచ్చి సీల్ మాంసం, తిమింగలం తోలు తింటే విటమిన్ సి అందుతుంది, ఆ విటమిన్ లేక వచ్చే స్కర్వీ జబ్బు రాదు. 1903లో కింగ్ విలియం దీవికే వచ్చిన నార్వే అన్వేషకుడు ఆముండ్‌సెన్ నెట్సిలిక్ తెగ ఇన్యూట్‌ల దగ్గర తోలు దుస్తులు, కుక్కల బండ్ల వాడకం నేర్చుకుని రెండు చలికాలాలు హాయిగా గడిపాడు. అయితే అతని ఓడలో ఉన్నది ఏడుగురే. 1848లో తీరానికి దిగినవాళ్లు 105 మంది. ఆ దీవి వాయవ్య తీరంలో వేట అంతంతమాత్రం. ఇన్యూట్‌లే అటు అరుదుగా వెళ్లేవారు. దారిలో ఎదురైన కొద్దిపాటి ఇన్యూట్ కుటుంబాలు అంతమందికి తిండి ఎక్కణ్ణుంచి తేగలవు?