రుజువును ఎవరు పరిశీలించాలి? సింగిల్ సైన్‌ఆన్ నడిచిన దారి

ఒక్కసారి లాగిన్ అయితే చాలా అప్లికేషన్లలోకి వెళ్లగలిగే ఏర్పాటే సింగిల్ సైన్‌ఆన్. అందులో లోపం బయటపడినప్పుడల్లా చర్చ పాస్‌వర్డ్ మీదికే పోతుంది. చాలాసార్లు పాస్‌వర్డ్ భద్రంగానే ఉంటుంది. లాగిన్ ఒకచోట జరుగుతుంది, దాని రుజువు ఇంకోచోటికి వెళ్తుంది. అందుకున్న అప్లికేషన్ ఆ రుజువును సరిగా చూడకపోవడంతోనే గొడవ మొదలవుతుంది.

దీని మూలాలు వెబ్ కంటే పాతవి. 1983లో ఎంఐటీలో ప్రాజెక్ట్ అథీనా మొదలైంది. క్యాంపస్ నిండా వర్క్‌స్టేషన్లు, ఎవరైనా వాడొచ్చు. కాబట్టి ఏ యంత్రాన్నీ, నెట్‌వర్క్‌నూ నమ్మడానికి లేదు. అక్కడ పుట్టిందే కెర్బెరాస్ అనే లాగిన్ వ్యవస్థ. అందులో పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీదికి రాదు. కేంద్ర సర్వర్ ఎన్‌క్రిప్ట్ చేసిన టికెట్ ఇస్తుంది, ప్రతి సర్వీసూ దాన్నే చూస్తుంది. టికెట్‌కు గడువు ఉంటుంది, ఒక సర్వీసు కోసం ఇచ్చింది ఇంకో సర్వీసులో చెల్లదు. ఈ రెండో షరతునే వెబ్ డెవలపర్లు తర్వాత చాలాచోట్ల వదిలేశారు.

1999లో మైక్రోసాఫ్ట్, ఒకే ఖాతాతో చాలా వెబ్‌సైట్లలోకి వెళ్లే పాస్‌పోర్ట్ సేవను తెచ్చింది. అందరి గుర్తింపూ ఒకే కంపెనీ చేతిలో ఉండటం నచ్చక 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ చొరవతో లిబర్టీ అలయన్స్ అనే కంపెనీల కూటమి ఏర్పడింది. ఆ కృషి కూడా కలిసి 2005లో లాగిన్ రుజువును అప్లికేషన్లకు పంపే సామ్ల్ 2.0 ప్రమాణం వచ్చింది. డిజిటల్ సంతకం చేసిన ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో రాసే) పత్రమే ఇందులో రుజువు. సంతకం ఉంటే ఇక భయం లేదనిపిస్తుంది కదా? 2012లో పరిశోధకులు 14 ప్రధాన సామ్ల్ ఫ్రేమ్‌వర్కులను పరీక్షిస్తే 11 దెబ్బతిన్నాయి. సంతకం ఉన్న భాగాన్ని పత్రంలోనే పక్కకు జరిపి, దాని చోట నకిలీ పేరు పెడితే చాలు. సంతకాన్ని సరిచూసే కోడ్ అసలు భాగాన్ని చూసి సరే అనేది, పేరు చదివే కోడ్ నకిలీని చదివేది. గణితంలో తప్పేమీ లేదు, రెండు కోడ్‌లూ వేర్వేరు చోట్ల చూశాయంతే.

అదే ఏడాది అక్టోబరులో ఓఆత్ 2.0 ప్రమాణమైంది. ఒక యాప్‌కు మన డేటా మీద పరిమిత అనుమతి ఇవ్వడానికి చేసింది అది, లాగిన్ కోసం కాదు. అయినా చాలామంది ఆ అనుమతికి గుర్తుగా ఇచ్చే యాక్సెస్ టోకెన్‌నే గుర్తింపుగా వాడారు. ఫలితంగా, మోసపు యాప్ తన కోసం తెచ్చుకున్న టోకెన్‌ను వేరే యాప్‌కు ఇచ్చి అక్కడ మీ పేరుతో లోపలికి వెళ్లగలిగేది. కెర్బెరాస్ ఎప్పుడో మూసిన తలుపు ఇది! 2014 ఫిబ్రవరిలో, ఓఆత్ మీద లాగిన్ కోసం కట్టిన ఓపెన్‌ఐడీ కనెక్ట్ ప్రమాణం ఐడీ టోకెన్ తెచ్చి దాన్ని మళ్లీ మూసింది. ఎవరు ఇచ్చారు, ఎవరి కోసం, ఎప్పటి వరకు అన్నవి అందులోనే ఉంటాయి. అప్లికేషన్ వాటిని సరిచూడాల్సిందే. తెచ్చి వాడుకునే రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ) చేస్తుందిలే అని ఊరుకోకుండా, వేరే యాప్ టోకెన్ పంపి అది తిరస్కరిస్తోందో లేదో టెస్ట్ రాయాలి.

2025 జనవరిలో వచ్చిన ఓఆత్ భద్రతా మార్గదర్శకం, బ్రౌజర్ చిరునామాలో టోకెన్ పంపే పాత ఇంప్లిసిట్ పద్ధతి వద్దంది. లాగిన్ తర్వాత తిరిగి వచ్చే చిరునామా ముందే నమోదు చేసినదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలని, మొబైల్, బ్రౌజర్ యాప్‌లకు పిక్సీ (లాగిన్ మొదలుపెట్టిన యాప్‌కే టోకెన్ అందేలా చూసే రక్షణ) తప్పనిసరని చెప్పింది.

లాగౌట్ మాత్రం ఇంకా తలనొప్పే. కేంద్ర లాగిన్ సర్వర్‌లో బయటికొచ్చినా, ఒక్కో అప్లికేషన్‌లో సెషన్ (లాగిన్ అయి ఉన్న స్థితి) బతికే ఉంటుంది. బ్యాక్ చానెల్ లాగౌట్ ప్రమాణం 2022లో ఖరారైంది. అందులో కేంద్ర సర్వర్ నేరుగా అప్లికేషన్ సర్వర్‌కు కబురు పంపుతుంది. సెషన్ మొత్తాన్నీ బ్రౌజర్‌లో ఉండే కుకీలోనే పెట్టుకున్న అప్లికేషన్లకు ఆ కబురు అందినా, సర్వర్‌లో తుడిచేయడానికి ఏమీ ఉండదు.