రోమన్ న్యాయం గురించి లాయర్లలోనే ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

గట్టు తగాదాలు, దారి తగాదాలు, తాకట్టు దావాలు చేసుకునే సివిల్ లాయరుకి రోమ్‌తో పనేమిటని మా జూనియర్లు అడుగుతుంటారు. పని ఉంది. కాకపోతే లా కాలేజీ నోట్సుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో రోమ్ ఖాతాలో వేసే విషయాల్లో చాలావాటికి రోమ్‌తో సంబంధం లేదు. నిజంగా అక్కడి నుంచి వచ్చినవేమో మన చట్టాల్లో ఎక్కడా ఊరు పేరు చెప్పుకోకుండా సర్దుకుని కూర్చున్నాయి. తరచూ వినపడే కొన్ని మాటలు తీసుకుని చూద్దాం.

అపోహ: లాటిన్ మాట కనిపించిందంటే అది రోమన్ న్యాయమే

నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే హెబియస్ కార్పస్ సంగతే తీసుకోండి. అది మధ్యయుగపు ఇంగ్లండులో రాజు కోర్టులు జారీ చేసిన రిట్టు. అప్పట్లో అక్కడ కోర్టు కాగితాలు లాటిన్‌లో రాసేవారు కాబట్టి పేరు అలా ఉండిపోయింది. క్రిమినల్ కేసుల్లో రోజూ వినే మెన్స్ రియా, అంటే దోషానికి చెడ్డ ఉద్దేశం ఉండాలన్న సూత్రం కూడా రోమన్ న్యాయవేత్తల నుంచి రాలేదు. అబద్ధపు ప్రమాణాల గురించి సెయింట్ అగస్టీన్ ఒక మత ప్రసంగంలో అన్న మాట 12వ శతాబ్దంలో ఒక ఇంగ్లీషు న్యాయ సంకలనంలోకి చేరి, అక్కడి నుంచి మనదాకా వచ్చింది.

కేవియట్ ఎంప్టర్ సంగతి ఇంకా తమాషా. సరుకు బాగోగులు కొనేవాడే చూసుకోవాలన్నది ఇంగ్లండులో స్థిరపడ్డ సూత్రం. రోమ్ సంతలో వ్యవహారం దాదాపు దీనికి తలకిందులు. అక్కడ బజార్ల మీద అజమాయిషీ చేసే ఈడైల్ అనే అధికారుల శాసనం ప్రకారం, బానిసనో పశువునో అమ్మేవాడు దానికున్న రోగాన్నీ లోపాన్నీ ముందే బయటపెట్టాలి. దాచినవాడి సంగతి సరే, ఆ లోపం తనకే తెలియకపోయినా పూచీ అమ్మినవాడిదే. కొన్నవాడు 6 నెలల్లోగా తిరిగిచ్చేసి డబ్బు వెనక్కి అడగొచ్చు, లేదా ఏడాదిలోగా ధర తగ్గించమని దావా వేయొచ్చు. మన 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో సెక్షన్ 16 సరుకు నాణ్యతకు హామీ ఏమీ లేదంటూ మొదలై, ఆ తర్వాత మినహాయింపులు చెబుతుంది. నన్నడిగితే, పాడైన ఫ్రిజ్ అంటగట్టారని 2019 వినియోగదారుల చట్టం కింద ఇప్పుడు వేసే ఫిర్యాదే ఆ ఈడైల్ శాసనానికి దగ్గర చుట్టం.

మనిషినీ ఎద్దునీ ఒకే సంతలో నిలబెట్టిన శాసనం కూడా అదే. రోమన్ న్యాయం అందరినీ సమానంగా చూసిందని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. ఆ చట్టం లెక్కలో బానిస ఒక వస్తువు. కొడుక్కి పెళ్ళయి పిల్లలు పుట్టినా, తండ్రి బతికున్నంతకాలం తండ్రి చెప్పుచేతల్లోనే ఉండాలి. సంపాదించింది సాధారణంగా తండ్రికే చెందేది.

అపోహ: మనది ఇంగ్లీషు కామన్ లా, రోమ్‌తో మనకు సంబంధం లేదు

నేరుగా లేదు, నిజమే. కానీ ఇంగ్లీషువాళ్ళ కోర్టులకే అవసరం పడినప్పుడు రోమ్ వైపు చూసే అలవాటుంది. 1703లో కాగ్స్, బెర్నార్డ్‌ల మధ్య ఒక కేసు నడిచింది. బ్రాందీ పీపాలను ఒక నేలమాళిగ నుంచి ఇంకోదానికి చేరుస్తానని ఒప్పుకున్నవాడు అజాగ్రత్తగా దించడంతో పీపా పగిలి బ్రాందీ నేలపాలైంది. అతను కూలి తీసుకోలేదు. మరి బాధ్యత ఉందా లేదా? ప్రధాన న్యాయమూర్తి హోల్ట్‌కు ఇంగ్లీషు కేసుల్లో సరైన దారి దొరక్క, 13వ శతాబ్దపు ఇంగ్లీషు న్యాయ రచయిత బ్రాక్టన్ రచన ద్వారా రోమన్ వర్గీకరణ తెచ్చుకున్నాడు. ఊరికే దాచిపెట్టినవాడికి తక్కువ బాధ్యత, వాడుకోడానికి ఉచితంగా తీసుకెళ్ళినవాడికి ఎక్కువ బాధ్యత, ఇలా మెట్లు మెట్లుగా. తన వస్తువును ఇంకొకరి చేతికి అప్పగించడం (బెయిల్‌మెంట్) గురించిన ఈ అప్పగింతల న్యాయమే 1872 కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 148 నుంచి కనపడేది.

ఇక్కడే నోట్సు రాసేవాళ్ళు ఒక విషయం వదిలేస్తారు. మన చట్టం రోమన్ల మెట్లను తీసేసింది. సెక్షన్ 151 ప్రకారం అప్పగింత ఏ రకమైనా ఒకటే కొలత: మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువు మీద ఎంత శ్రద్ధ పెడతాడో అంత. అంటే ఇల్లు రోమన్లదే, లోపలి గోడలు మాత్రం మనం కొట్టేసుకున్నాం.

దారి హక్కులో పోలిక ఇంకా స్పష్టంగా ఉంటుంది. క్రీ.పూ. 451–450 నాటి పన్నెండు పట్టికల్లోనే, అంటే రోమ్ తొలి లిఖిత చట్టంలోనే, పొలాల మధ్య బండిదారి నేరుగా ఉన్నచోట 8 అడుగులు, మలుపు దగ్గర 16 అడుగులు ఉండాలని రాశారు. ఎడ్లబండి తిరగడానికి ఎంత చోటు కావాలో తెలిసినవాళ్ళు రాసిన చట్టం అది. దారి, నీటి కాలువ వంటి హక్కులు మనిషికి కాక పొలానికి అంటుకుని ఉంటాయని, పొలం చేతులు మారితే హక్కు కూడా పొలంతో పాటే కొత్త యజమానికి వెళ్తుందని విడమరిచి చెప్పింది రోమన్ న్యాయవేత్తలు. మన 1882 ఈజ్‌మెంట్స్ చట్టం నిలబడ్డది ఈ ఆలోచన మీదే. 'దారి వాడి నాన్నకిచ్చాం, కొన్నవాడికి కాదు' అని క్లయింట్లు వాదించినప్పుడల్లా మనం చెప్పే జవాబు ఇదేగా!

గాంధీగారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లండన్‌లో బారిస్టరు చదువుకు రోమన్ న్యాయం ఒక పరీక్ష. చాలామంది నోట్సు బట్టీపట్టి గట్టెక్కేవాళ్ళు. ఆయన మాత్రం లాటిన్ నేర్చుకుని మరీ చదివారు. దక్షిణాఫ్రికాలో డచ్చివాళ్ళు తెచ్చిన రోమన్ డచ్ న్యాయం అమల్లో ఉండటంతో ఆ చదువు తర్వాత అక్కడ అక్కరకొచ్చిందని ఆయనే రాసుకున్నారు.

తెలుగువాళ్ళకు రోమన్ సంప్రదాయం మరింత దగ్గరగా తగిలిన చోటు యానాం. కాకినాడ పక్కనే ఉన్నా 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్‌లో ఉత్తర ఫ్రాన్సు ఆచారాలతో పాటు దక్షిణాన నిలిచిన రోమన్ న్యాయం కూడా కలిసింది. ఫ్రెంచి ఇండియాలో 1881 డిక్రీ కింద తమ కుటుంబ ఆచార చట్టాన్ని వదులుకున్న భారతీయులకు ఆ కోడే వర్తించింది.

అపోహ: 12 ఏళ్ళు అనుభవిస్తే భూమి మనదే, ఇది రోమన్ల నాటి సూత్రం

పోలిక పైపైనే. రోమ్‌లో భూమికి 2 ఏళ్ళు, మిగతా వస్తువులకు ఏడాది చాలు. అయితే మంచి నమ్మకంతో, కొనుగోలు లాంటి సరైన కారణం మీద స్వాధీనంలోకి వచ్చినవాడికే ఆ లాభం. దొంగసొత్తుకు అసలు వర్తించదు. మన లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 65 అడిగేది వేరు. యజమానికి వ్యతిరేకంగా, బహిరంగంగా 12 ఏళ్ళు ఉండాలి. ప్రభుత్వ భూమైతే 30 ఏళ్ళు. అక్కడ పొరపాటున పడ్డవాడికి రక్షణ, ఇక్కడ తెలిసి కూర్చున్నవాడికి కూడా రక్షణ. ఈ తేడా వాదనలో పనికొస్తుంది.

అపోహ: జస్టీనియన్ చక్రవర్తి రోమ్‌లో కూర్చుని చట్టం రాశాడు

ఆయన రాజధాని కాన్‌స్టాంటినోపుల్. పశ్చిమ సామ్రాజ్యం 476లోనే పోయింది. ఆయన చేయించింది సంకలనం. ట్రిబోనియన్ అనే అధికారి నాయకత్వంలో ఒక కమిటీ 530 నుంచి 533 వరకు పనిచేసి, పాత న్యాయవేత్తల రచనల నుంచి ముక్కలు ఏరి 50 పుస్తకాల డైజెస్ట్ తయారు చేసింది. అందులో ఉల్పియన్ అనే న్యాయవేత్త ఒక్కడి మాటలే మూడో వంతుకు పైన ఉంటాయి. వీళ్ళలో చాలామంది జస్టీనియన్‌కు మూడు, నాలుగు వందల ఏళ్ళ ముందువాళ్ళు. పైగా దాని మీద వ్యాఖ్యానాలు రాయకూడదని చక్రవర్తి నిషేధం పెట్టాడు. ఆ తర్వాత లోకం చేసిందంతా దాని మీద వ్యాఖ్యానాలు రాయడమే.

అది ఎక్కడా తెగకుండా మనదాకా వచ్చిందనుకోవడం కూడా తప్పే. పశ్చిమ యూరప్‌లో డైజెస్ట్‌ను కొన్ని శతాబ్దాలు దాదాపు ఎవరూ చదవలేదు. 11వ శతాబ్దం చివర్లో మళ్ళీ వెలుగులోకి వచ్చాక బొలోన్యాలో ఇర్నేరియస్, ఆయన శిష్యులు పాఠం చెప్పడం మొదలుపెట్టారు. అక్కడ చదువుకున్నవాళ్ళు ఊరూరా జడ్జీలు, సలహాదారులు అయ్యారు. జర్మన్లు 1900 జనవరి 1న తమ సివిల్ కోడ్ అమల్లోకి తెచ్చేదాకా అనేక ప్రాంతాల్లో డైజెస్ట్‌ను అమల్లో ఉన్న చట్టంగానే చూశారు.

అపోహ: కళ్ళకు గంతలతో ఉన్న న్యాయదేవత రోమన్లది

దేవత రోమన్లదే, గంతలు కావు. రోమన్ నాణేల మీద ఆమె కళ్ళు తెరిచే ఉంటాయి. గంతలు 1494లో బాసెల్‌లో అచ్చయిన ఒక వ్యంగ్య కావ్యం బొమ్మలో కనిపిస్తాయి. అందులో ఒక మూర్ఖుడు వెనక నుంచి ఆమె కళ్ళకు గుడ్డ కడుతుంటాడు. వెటకారం కోసం కట్టిన గుడ్డ నిష్పాక్షికతకు గుర్తుగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2024లో మన సుప్రీంకోర్టు జడ్జీల లైబ్రరీలో గంతలు లేని విగ్రహం కనిపించినప్పుడు సంప్రదాయం పోయిందని గోల చేసినవాళ్ళు ఈ సంగతి చూసుకోవాల్సింది.

అపోహ: నదులు, చెరువులకు ప్రభుత్వం ధర్మకర్త అన్నది రోమన్ సిద్ధాంతం

ఇది మన సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది కాబట్టి జాగ్రత్తగా చెప్పాలి. బియాస్ నది ఒడ్డున కట్టిన హోటలు కేసులో, అంటే ఎం.సి. మెహతా, కమల్‌నాథ్ కేసులో, పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతాన్ని ప్రాచీన రోమ్ అభివృద్ధి చేసిందని కోర్టు రాసింది. జస్టీనియన్ పాఠ్యగ్రంథంలో గాలి, పారే నీరు, సముద్రం, దాని ఒడ్డు సహజంగా అందరివీ అన్న వాక్యం నిజంగా ఉంది. కానీ ప్రభుత్వం వాటికి ధర్మకర్త, ఇష్టమొచ్చినట్టు అమ్మేస్తే పౌరుడు కోర్టుకు వెళ్ళి ఆపొచ్చు అన్న రెండో సగం అక్కడ లేదు. అది ఇంగ్లీషు ట్రస్ట్ ఆలోచన కలిసి అమెరికాలో తయారైంది. షికాగో దగ్గర సరస్సు అడుగుభూమిని ఒక రైల్వే కంపెనీకి ఇచ్చేసిన వ్యవహారంలో 1892లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 1970లో ప్రొఫెసర్ జోసెఫ్ శాక్స్ రాసిన వ్యాసం దానికి రూపమిచ్చాయి.

చరిత్ర అతికించినదైనా ఫలితం మాత్రం మనకు పనికొచ్చింది. తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్ళ నిర్మాణానికి ఇచ్చినప్పుడు స్థానికుల ఫోరం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2006లో కోర్టు ఇదే సిద్ధాంతం మీద చెరువులకు ప్రభుత్వం ధర్మకర్త అంది. అప్పటికే లేచిన ఇళ్ళను కూల్చమనలేదు. ఇక కొత్త కట్టడాలు వద్దని, వాన నీరు నిలిపే ఏర్పాట్లు చేయమని చెప్పింది. చెరువుల మీద కేసులు చేసేవాళ్ళకు నా సలహా: రోమ్‌ను ఒక్క వాక్యంతో ముగించి, బలమంతా ఈ తీర్పు మీద పెట్టండి. అవతలి లాయరు చరిత్ర చదివినవాడైతే రోమ్ దగ్గరే పట్టుకుంటాడు.

అపోహ: న్యాయసూత్రాలన్నీ రోమ్ నుంచి వచ్చినవే

రెస్ జుడికేటా, అంటే ఒకసారి తేలిన తగాదాను మళ్ళీ కోర్టుకు ఎక్కించకూడదన్న సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 11 సూత్రం, రోమన్ న్యాయంలో గట్టిగా ఉన్నదే. అయితే మన ధర్మశాస్త్రాల్లో కూడా ప్రాఙ్న్యాయం పేరుతో ఇదే అభ్యంతరం ఉంది. ప్రతివాది తన జవాబులో 'ఇది ఇంతకు ముందే తేలిపోయింది' అని చెప్పుకోవచ్చని స్మృతికారుడు కాత్యాయనుడి మాట. విజ్ఞానేశ్వరుడు దాన్ని యాజ్ఞవల్క్య స్మృతికి తాను రాసిన వ్యాఖ్యానం మితాక్షరలో చర్చించాడు. ఇర్నేరియస్ బొలోన్యాలో పాఠాలు చెబుతున్న కాలానికి కాస్త అటూఇటూగానే కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాశాడు. ఒకరి గురించి ఇంకొకరికి తెలిసే అవకాశమే లేదు. 1916లో శివపర్సన్ సింగ్ కేసులో, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఈ పోలికను గుర్తించి, సెక్షన్ 11 హిందూ వ్యాఖ్యాతల ఆలోచనకు విరుద్ధం కాదంటూ కాత్యాయనుడి మాటను తీర్పులోనే ఉదహరించింది. సెక్షన్ 11 అభ్యంతరం లేవనెత్తే జూనియర్లు ఆ తీర్పు ఒకసారి తెరిచి చూడండి, పట్టుమని పది నిమిషాలు పట్టదు.