దేవయ్య తెర మీద విజయ ఎందుకయ్యాడు: 2020 ఆగస్టు నాటి ఒక ఉత్తరం కథ

మళ్ళీ మొదలైంది. జెట్లు ఎగిరే ట్రైలర్ ఏదో ఒకటి బయటికి రావడం, గంట తిరక్కుండా బెంగళూరులోని మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు రెండు ముక్కలైపోవడం మామూలే. ఒకవైపు సి.వి.రామన్ నగర్, విమానపుర, మారతహళ్ళి బ్యాచ్. ఇంట్లో ఎవరో ఒకరు హెచ్‌ఏఎల్‌లోనో డీఆర్‌డీవోలోనో పనిచేసినవాళ్లే కాబట్టి ఆ విమానానికి ఆ మిసైల్ ఎలా తగిలించారని నిలదీస్తారు. రెండోవైపు "సినిమాని సినిమాలా చూడండి సార్, పాఠం కావాలంటే మ్యూజియంకి వెళ్లండి" అనేవాళ్లు. ఈ యుద్ధ విమానాల సినిమాల్లో నిజమెంత అని నన్నేమో సాయంత్రంలోపు నేపథ్యం రాసిమ్మన్నారు.

1971 వైమానిక యుద్ధం మీద చేతన్ ఆనంద్ 1973లోనే సినిమా తీశాడన్న దగ్గర్నుంచి మొదలుపెట్టొచ్చు గానీ, అది అందరూ రాసేదే. నా లెక్కలో ఈ గొడవకి అసలు మలుపు 2020 ఆగస్టు 12. ఆ రోజు 'గుంజన్ సక్సేనా' నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అదే రోజు వైమానిక దళం సెన్సార్ బోర్డుకి ఉత్తరం రాసింది. ఇవాళ మనం చూస్తున్న యుద్ధ విమానాల సినిమాలన్నీ ఆ ఉత్తరం తర్వాతి సినిమాలే. 1965 యుద్ధంలో పోయిన పైలట్ దేవయ్య పేరు తెర మీద మారిపోయింది కూడా దాని తర్వాతే.

కథ తెలిసిందే. కార్గిల్ యుద్ధంలో చీతా హెలికాప్టర్ నడిపిన ఫ్లైట్ లెఫ్టినెంట్ గుంజన్ సక్సేనా మీద తీసిన సినిమా, జాన్వీ కపూర్ హీరోయిన్. సినిమాలో ఆమెకి శత్రువు పాకిస్తాన్ కాదు, తన యూనిట్‌లో ఉన్న మగ ఆఫీసర్లు. ఆడపిల్లతో ఫ్లయింగ్ ఏంటని ఆమె సార్టీలు, అంటే ఎగరాల్సిన ట్రిప్పులు, రద్దు చేస్తారు, పంజా కుస్తీ పట్టించి అందరి ముందూ అవమానిస్తారు, బట్టలు మార్చుకోవడానికి గది కూడా ఉండదు. యూనిట్ మొత్తంలో ఆమె ఒక్కతే ఆడమనిషి. చూస్తుంటే ఒళ్లు మండుతుంది, సినిమా తీసినవాళ్లకి కావాల్సిందీ అదే. దళం పరువు తగ్గించి హీరోయిన్‌ని పెంచారు, చూపిస్తామన్నట్టు ఉన్నదున్నట్టు చూపించలేదు అన్నది ఆ ఉత్తరం సారాంశం.

ఉత్తరం ఒక్కటే అయితే ప్రభుత్వం వాళ్లు ఎప్పుడూ ఇంతేలే అని వదిలేసేవాళ్లం. కానీ శ్రీవిద్య రాజన్ మాట్లాడారు. ఆమె కూడా హెలికాప్టర్ పైలటే. 1996లో గుంజన్‌తో పాటే ఉధంపూర్ యూనిట్‌లో పోస్టింగ్ వచ్చింది. అంటే సినిమాలో "ఒక్కతే" అని చూపించిన చోట నిజానికి ఇద్దరున్నారు, ఆ రెండో మనిషి ఈమే. ఫేస్‌బుక్‌లో ఆమె పెద్ద పోస్టు రాశారు, చదివితే అందులో కోపం కంటే ఓపిక ఎక్కువ కనిపిస్తుంది. కొందరు మగ ఆఫీసర్లకి మనసులో అడ్డంకి ఉన్న మాట నిజమే, దాన్ని ఆమె దాచలేదు. ఆడవాళ్లం కాబట్టి మా తప్పుల్ని కాస్త ఎక్కువగానే పట్టి చూసేవాళ్లు అని కూడా ఒప్పుకున్నారు. కానీ అండగా నిలిచినవాళ్లూ బోలెడుమంది ఉన్నారన్నారు. వెళ్లిన కొద్ది రోజుల్లోనే ఫ్లయింగ్ మొదలైందట. పంజా కుస్తీ అసలు జరగనే లేదట. వేరే గది లేని మాట నిజమే, ఉన్నదాంట్లో సర్దుకున్నాం, తోటివాళ్లు సాయం చేశారు అన్నారు. క్లైమాక్స్‌లో చూపించిన సాహసం కూడా జరగలేదన్నారు. అన్నిటికంటే బరువైన మాట ఇంకొకటి. కార్గిల్ మొదలైనప్పుడు మగ పైలట్లతో పాటు ముందుగా శ్రీనగర్ వెళ్లిన మహిళా పైలట్ తనేనని, గుంజన్ కొద్ది రోజుల తర్వాత వచ్చారని ఆమె చెప్పారు. వైమానిక దళంలో హెలికాప్టర్లు నడిపిన నమ్రితా చండీ కూడా ఈ మాటకి వంత పాడారు.

అంటే అసలు పోరాటం సినిమాకీ ప్రభుత్వానికీ మధ్య కాదు. ఒక మహిళా పైలట్‌ని పెద్దది చేయడానికి ఇంకో మహిళా పైలట్‌ని కథలోంచి తీసేశారు, అదీ ఆడవాళ్ల హక్కుల పేరు చెప్పి. ఈ ముక్క అప్పట్లో టీవీ చర్చల్లో ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే అక్కడ చర్చంతా దేశభక్తా స్త్రీవాదమా అని నడుస్తోంది.

సినిమా వైపు వాదన చిన్నదే: ఇది డాక్యుమెంటరీ కాదు, స్ఫూర్తి పొంది తీసిన కథ, మొదట్లోనే డిస్‌క్లెయిమర్ వేశాం. కేంద్రం ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. సినిమా అప్పటికే జనంలోకి వెళ్లిపోయింది కదా అని కోర్టు సెప్టెంబర్లో స్టే ఇవ్వలేదు. తర్వాత గుంజన్ స్వయంగా వేసిన అఫిడవిట్‌లో, సంస్థ స్థాయిలో తనకి వివక్ష ఎదురుకాలేదని, కార్గిల్‌లో పనిచేసే అవకాశం ఇచ్చినందుకు దళానికి రుణపడి ఉంటానని అన్నారు. సినిమా రెండు గంటలు ఏడిపించింది దేని గురించో, దాన్ని కథానాయిక అసలు మనిషే కోర్టులో తీసి పక్కన పెట్టారన్నమాట.

ఇక్కడ చీతా గురించి ఒక మాట చెప్పాలి, బెంగళూరులో ఉండి చెప్పకపోతే బాగోదు. ఫ్రెంచివాళ్ల లామా హెలికాప్టర్‌ని లైసెన్స్ తీసుకుని మన పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీదున్న హెచ్‌ఏఎల్‌లో తయారు చేసిందే చీతా. 1972లో లామా 12,442 మీటర్ల ఎత్తుకి ఎగిరి రికార్డు పెట్టింది. మా బ్లాక్‌లో హెలికాప్టర్ డివిజన్ నుంచి రిటైరైన కడప పెద్దాయన ఒకరున్నారు. ఆ సినిమా గురించి అడిగితే క్లైమాక్స్ ఊసే ఎత్తలేదు. "ఒకటే ఇంజిన్ నాయనా దానికి. కొండల మీద గాలి పల్చగా ఉంటాది. దెబ్బ తగిలినోణ్ణి ఒకణ్ణి ఎక్కించుకోవాలంటే ముందే ఫ్యూయల్ తగ్గించుకోని పోవల్ల. తగ్గించుకుంటే తిరిగొచ్చేటప్పుడు లెక్క తప్పకూడదు. అది చూపిచ్చినారా?" అన్నారు. చూపించలేదు. కార్గిల్ యుద్ధం జరిగిన ద్రాస్, బటాలిక్ వైపు గాయపడినవాళ్లని దింపుకురావడం, సామాన్లు వేయడం, పైనుంచి శత్రువు ఎక్కడున్నాడో చూసి చెప్పడం, ఇవన్నీ ఆయుధం లేని హెలికాప్టర్‌లో, సీటు పక్కన ఒక రైఫిల్ పెట్టుకుని చేసిన పనులు. పైలట్ ఒళ్లో ఫ్యూయల్ లెక్క పెట్టుకుని కూర్చోవడంలో ఉన్న టెన్షన్ ఏ పంజా కుస్తీలోనూ లేదు, కానీ అది తీయాలంటే అడిగి తెలుసుకోవాలి.

సరే, ఉత్తరం తర్వాత ఏమైంది? నిజానికి దానికి ముందే, ఆ జూలైలోనే రక్షణ శాఖ సెన్సార్ బోర్డుకి ఇంకో లేఖ పంపింది: సైన్యం మీద సినిమా, డాక్యుమెంటరీ, వెబ్ సిరీస్ ఏదైనా సరే, వేసే ముందు మా దగ్గర నిరభ్యంతర పత్రం తీసుకోమనండి అని. ఆగస్టు గొడవ ఆ లేఖకి పళ్లు మొలిపించింది. డిసెంబర్‌లో 'ఏకే వర్సెస్ ఏకే' ట్రైలర్‌లో అనిల్ కపూర్ యూనిఫాం చొక్కా సరిగ్గా వేసుకోకుండా బూతులు మాట్లాడాడని దళం ట్విట్టర్లో అభ్యంతరం చెప్పింది, ఆయన వెంటనే క్షమాపణ చెప్పేశారు. ఓటీటీలు సమాచార ప్రసార శాఖ కిందకి వచ్చింది కూడా ఆ నవంబర్‌లోనే.

నిర్మాతలకి విషయం అర్థమైంది. కాకపోతే వాళ్లు నేర్చుకున్నది నిజానికి దగ్గరగా ఉండాలని కాదు, సంస్థకి కోపం తెప్పించకూడదని, అసలు పేర్లు వాడకూడదని. ఇది నా అభిప్రాయమే గానీ, ఆ తర్వాత వచ్చినవి వరసగా చూడండి. 2024 జనవరిలో 'ఫైటర్': పుల్వామా, బాలాకోట్ అందరికీ తెలిసిన ఘటనలు, పాత్రలు మాత్రం కల్పితం. బాలాకోట్‌కి వెళ్లింది మిరాజ్ 2000లు, హృతిక్ రోషన్ నడిపేది సుఖోయ్. యాభై, అరవై కిలోమీటర్ల దూరం నుంచే మిసైల్ వదిలే ఈ రోజుల్లో హీరో, విలన్ ఒకరి మొహం ఒకరు చూసుకునేంత దగ్గరికొచ్చి డైలాగులు చెప్పుకుంటారు. దాని మీద వచ్చిన పెద్ద అభ్యంతరం ఏంటయ్యా అంటే, యూనిఫాంలో ముద్దు పెట్టుకున్నారని ఒక వింగ్ కమాండర్ పంపిన లీగల్ నోటీసు! అదే ఏడాది మార్చి 1న మన వరుణ్ తేజ్ 'ఆపరేషన్ వాలెంటైన్' వచ్చింది. అదే పుల్వామా, అదే బాలాకోట్, మళ్ళీ కొత్త పేర్లు. మణిరత్నం అంతకు చాలా ముందే, 2017లో, 'చెలియా'కి రావల్పిండి జైలు నుంచి పైలట్లు తప్పించుకునే కథని 1999 కార్గిల్‌లో పెట్టాడు. అసలు తప్పించుకున్నది 1972లో, దిలీప్ పరూల్కర్, ఇంకో ఇద్దరు. అది ప్రేమకథ కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

పేరు మారితే ఏం నష్టం అంటారా? అందుకే దేవయ్య దగ్గరికి రావాలి.

స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య. ఊరు కొడగు, మనకి ఐదారు గంటల దారి. 1965 సెప్టెంబర్ 7 ఉదయం ఆదంపూర్ నుంచి పాకిస్తాన్ వైమానిక స్థావరం సర్గోధా మీద దాడికి వెళ్లిన నంబర్ వన్ స్క్వాడ్రన్ మిస్టేర్ యుద్ధ విమానాల్లో ఆయన స్టాండ్‌బై. ఎవరి విమానమైనా ఆగిపోతేనే వెళ్లాల్సినవాడు. వెళ్లాడు, తిరిగిరాలేదు. కనిపించకుండా పోయాడని రాశారు, తర్వాత చనిపోయినట్టు లెక్కగట్టారు, అంతే. పద్నాలుగేళ్ల తర్వాత, 1979లో, జాన్ ఫ్రికర్ అనే బ్రిటిష్ రచయిత పాకిస్తాన్ వైపు నుంచి రాసిన పుస్తకంలో బయటపడింది: ఆ ఉదయం అంజద్ హుస్సేన్ అనే పాకిస్తాన్ పైలట్ నడుపుతున్న స్టార్‌ఫైటర్‌ని, దెబ్బతిన్న ఒక మిస్టేర్ తిరగబడి కూల్చేసిందని. స్టార్‌ఫైటర్ అంటే ధ్వనికి రెట్టింపు వేగంతో వెళ్లేది, మిస్టేర్ దాని ముందు ముసలి గుర్రం. అంజద్ పారాచూట్‌తో దిగి బతికాడు. ఆ ఉదయం ఆ స్క్వాడ్రన్‌లో తిరిగిరాని మిస్టేర్ ఒక్కటే. అప్పటి స్క్వాడ్రన్ కమాండర్ ఓ.పి.తనేజా పట్టుబట్టి వెంటపడితే 1988లో, అంటే ఇరవై మూడేళ్లకి, దేవయ్యకి మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

ఇంత కథ ఉంది. శత్రువు చెబితే గానీ మన వీరుడి సంగతి మనకి తెలియలేదు. ఇందులో దేన్ని మార్చాలి అసలు? 2025 జనవరిలో వచ్చిన 'స్కై ఫోర్స్'లో ఆ పాత్ర పేరు విజయ, తనేజా అహూజా అయ్యాడు. ఇరవై మూడేళ్లు కాగితాల్లో లేని పేరు, తీరా తెరకెక్కేసరికి కథలో లేకుండా పోయింది. కొడగు వాళ్లకి బాధ కలిగితే ఆశ్చర్యం ఏముంది?

అసలు పేర్లు వాడితే తప్పులు రావని కాదు. 1997 'బోర్డర్' చూడండి. అది 1971లో రాజస్థాన్ సరిహద్దులో జరిగిన లోంగేవాలా పోరు మీద తీసింది. అక్కడ భారత్ వైపు చనిపోయింది ఇద్దరు సైనికులు, సినిమాలో శవాలు కుప్పలుగా పడతాయి. సునీల్ శెట్టి వేసిన బీఎస్‌ఎఫ్ భైరోన్ సింగ్ పాత్ర వీరమరణం పొందుతుంది. అసలు భైరోన్ సింగ్ ఆ తర్వాత కూడా నిక్షేపంగా ఉన్నారు, 2022 డిసెంబర్లో పోయారు. కానీ పేరు అదే కాబట్టి, నేను బతికే ఉన్నానయ్యా అని పత్రికలవాళ్లకి చెప్పుకోగలిగారు. లోంగేవాలాలో మనవాళ్లని నడిపించిన మేజర్ చాంద్‌పురీ పేరు అదే కాబట్టి, ఆ యుద్ధం గెలిచింది జైసల్మేర్ నుంచి తెల్లారాక వచ్చిన హంటర్ విమానాలే, నేల మీద పెద్దగా పోరే జరగలేదని కొందరు మాజీ అధికారులు అన్నప్పుడు ఆయన ఒక్క రూపాయి నష్టపరిహారం కోరుతూ కోర్టుకెక్కగలిగారు. ఎవరిది నిజమో ఇప్పటికీ వాదించుకుంటున్నారు, వాదించుకోవడానికి ఆధారంగా మనుషులున్నారు, పేర్లున్నాయి, తేదీలున్నాయి. 'ఫైటర్'లో తప్పు చూపిస్తే ఎవరిని అడుగుతారు? కల్పిత పాత్ర సార్, అంటారు.

అందుకే ట్రైలర్లో రెక్క కింద వేలాడే మిసైల్ నిజమా అబద్ధమా అనే గొడవ నాకు పెద్దగా ఎక్కదు, అది గ్రాఫిక్స్ కుర్రాళ్ల తప్పు, రెండు రోజుల్లో సరిచేయొచ్చు. నేనడిగేది వేరే. 2019 ఫిబ్రవరి 27న, అభినందన్ విమానం కూలిన అదే ఉదయం, కాశ్మీర్‌లోని బడ్గాంలో మన మిసైలే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని కూల్చేసింది. ఆరుగురు వైమానిక దళం వాళ్లు, కింద ఒక పౌరుడు చనిపోయారు. అది మా పెద్ద తప్పు అని ఆ అక్టోబర్లో అప్పటి దళాధిపతి భదౌరియానే చెప్పారు. బాలాకోట్ మీద తర్వాత సినిమా తీసేవాళ్లు నిరభ్యంతర పత్రం కోసం ఆ సీనుతో వెళ్తారా, లేక దాన్ని ఇంట్లోనే వదిలేసి వెళ్తారా?