కృష్ణ భాంజీకి దొరకని గడి: బెన్ కింగ్స్‌లీ పేరు వెనక నేపథ్యం

భారతీయ మూలాలున్న బ్రిటిష్ నటుడెవరికైనా పెద్ద వేషం దొరికిందంటే ఒక పాత కథ మళ్ళీ చక్కర్లు కొడుతుంది. కృష్ణ భాంజీ అనే కుర్రాడు ఆడిషన్‌కి వెళ్ళాడు. చాలా బాగా చేశావన్నారు. కానీ వచ్చే సీజన్‌లో నిన్నెక్కడ సర్దాలో తెలియడం లేదన్నారు. పేరు మార్చుకుని వెళ్తే, ఎప్పుడు చేరతావని అడిగారు. ఆ కుర్రాడే తర్వాత ‘గాంధీ’ సినిమాలో గాంధీగా నటించిన బెన్ కింగ్స్‌లీ, ఆయన స్వయంగా ఇంటర్వ్యూల్లో చెప్పిన సంగతే ఇది. వినగానే నవ్వొస్తుంది, కాసేపటికి కోపమూ వస్తుంది. అయితే అందులో అసలు కీలకం ‘సర్దడం’ అన్న మాట. అది మర్యాదకి వాడిన సాకు మాత్రమే కాదు, ఆ రోజుల్లో నాటక బృందాలను కూర్చే పద్ధతే అది.

బ్రిటన్‌లో రెపర్టరీ బృందం అంటే సీజన్ మొత్తానికి ఒకే నటీనటుల జట్టు. వాళ్ళే అయిదారు నాటకాలు ఆడాలి. ఒక నాటకం రాత్రిళ్ళు ఆడుతుంటే పగలు రెండోది రిహార్సల్‌లో ఉంటుంది. దర్శకులు ఒక పెద్ద కాగితం మీద పైవరసలో నాటకాల పేర్లు, పక్కవరసలో నటుల పేర్లు రాసుకుని గడులు నింపుతారు. కొత్తగా చేరినవాడికి ఒక నాటకంలో ప్రేమికుడి వేషం, రెండోదాంట్లో సైనికుడు, మూడోదాంట్లో ఉత్తరం తెచ్చే నౌకరు, ఇలా అడ్డంగా ఆ వరసంతా నిండాలి. ఒక్క గడి ఖాళీగా మిగిలినా అతనికిచ్చే జీతం దండగ. అందుకే ఆడిషన్‌లో చూసేది ఒక్క వేషానికి పనికొస్తాడా అని కాదు, ఆరింటికీ పనికొస్తాడా అని. ఇంగ్లిష్ పేరున్నవాడైతే ఆరింట్లో దేనికైనా సరిపోతాడనుకుంటారు. కృష్ణ అనే పేరు కనబడగానే ఆ కాగితం మీద ‘విదేశీయుడు’ అన్న గడి కోసం వెతుకుతారు. షేక్స్‌పియర్ సీజన్‌లో అలాంటి గడులు ఎన్నని ఉంటాయి?

కింగ్స్‌లీ 1943 డిసెంబరు 31న యార్క్‌షైర్‌లోని స్నెయింటన్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి రహీంతుల్లా హార్జీ భాంజీ డాక్టరు. కెన్యాలో పుట్టి, జాంజిబార్‌లో పెరిగి, పద్నాలుగో ఏట ఇంగ్లండ్ చేరిన గుజరాతీ ఖోజా ముస్లిం. తల్లి నటి, మోడల్. పిల్లవాడికి పెట్టిన పేరు కృష్ణ పండిట్ భాంజీ. ఖోజా ఇంట్లో కృష్ణుడేమిటని మనకు అనిపించవచ్చు గానీ, వాళ్ళ పాత భక్తి గీతాల్లో దశావతారాల ప్రస్తావన మామూలే. పెరిగింది మాంచెస్టర్ పక్కన పెండిల్‌బరీలో, చదివింది మాంచెస్టర్ గ్రామర్ స్కూల్లో. 1964లో షేక్స్‌పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో, ఆయన నాటకంలోని మూడో రిచర్డ్ రాజుగా నటుడు ఇయన్ హోమ్ వేసిన వేషం చూసి, తన దారి నటనేనని తేల్చుకున్నారు.

కొత్త పేరు ఎక్కడిదన్నది చాలామందికి తెలియని ముక్క. డల్విచ్ కాలేజీలో చదువుకునే రోజుల్లో తండ్రిని తోటివాళ్ళు ‘బెన్’ అని పిలిచేవారు. తాత జాంజిబార్‌లో లవంగాల వ్యాపారి, ఆయన ముద్దుపేరు ‘కింగ్ క్లోవ్స్’, అంటే లవంగాల రారాజు. అందులోంచి వచ్చింది కింగ్స్‌లీ. చూడ్డానికి అచ్చ ఇంగ్లిష్ పేరే. తీరా చూస్తే రెండు ముక్కలూ నాన్న వైపు నుంచి వచ్చినవే!

నటులు పేరు మార్చుకోవడం బ్రిటన్‌లో వింతేమీ కాదు. నటుల సంఘం ఈక్విటీలో ఒకే పేరుతో ఇద్దరు సభ్యులు ఉండకూడదు. మారిస్ మికిల్‌వైట్ అనే కుర్రాడు మైకేల్ స్కాట్ పేరుతో నాటకాలాడుతుంటే, ఆ పేరుతో ఇంకొకరున్నారని 1954లో ఏజెంటు చెప్పాడు. లెస్టర్ స్క్వేర్‌లో ఫోన్‌లో మాట్లాడుతూనే ఎదురుగా ఉన్న సినిమా పోస్టర్ చూసి ‘కేన్’ అన్నాడు. మైకేల్ కేన్ అలా పుట్టాడు. డేవిడ్ మెక్‌డొనాల్డ్‌ది కూడా అదే ఇబ్బంది, ఆయన డేవిడ్ టెనెంట్ అయ్యారు. 1980ల చివరి దాకా ఈక్విటీ కార్డు లేనిదే వేషం లేదు, వేషం లేనిదే కార్డు రాదు. బృందాలకు ఏటా కొద్దిపాటి కొత్త కార్డులే ఇచ్చేవారు. ఇంత బిగింపులోనూ కృష్ణ భాంజీ అనే పేరుకు మాత్రం ఏ నిబంధనా అడ్డు రాదు. ఆ పేరుతో ఇంకెవరున్నారు గనక! అందుకే కేన్ కథనీ కింగ్స్‌లీ కథనీ ఒకే గాటన కట్టెయ్యడం సరికాదు. ఒకటి సంఘం రూలు, రెండోది ఎవరూ కాగితం మీద పెట్టని రూలు.

ఆ రాయని రూలుకి అంతకుముందే ఇద్దరు సాక్షులున్నారు. మెర్ల్ ఒబెరాన్ 1911లో బొంబాయిలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. నిర్మాత అలెగ్జాండర్ కోర్డా ఆమెను తెరకు తెచ్చినప్పుడు ప్రచారంలో పుట్టిన ఊరు టాస్మానియా అయింది. 1935 నాటి సినిమాకు ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళినా, పుట్టుక గుట్టు జీవితమంతా దాస్తూనే వచ్చారు. 1937లో కారు ప్రమాదంలో ఆమె ముఖానికి గాయాలయ్యాయి. ఆ మచ్చలు కనబడకుండా ఛాయాగ్రాహకుడు లూసియన్ బల్లార్డ్ కెమెరా పక్కనే, దాదాపు కటకానికి ఆనించి, ఒక చిన్న దీపం పెట్టారు. వెలుగు ఎదురుగా సూటిగా పడితే చర్మం మీది ఎగుడుదిగుళ్ళకు నీడ రాదు. కెమెరా మనుషులు ఆ దీపాన్ని ఇప్పటికీ ‘ఒబీ’ అనే పిలుస్తారు. అదే కోర్డా సంస్థ మైసూరు వైపు మావటి కొడుకు సాబును 1937లో తెరకు పరిచయం చేసినప్పుడు పేరు జోలికే పోలేదు. సాబుకు ఇచ్చినవి ఏనుగులు, అడవులు, అరేబియా కథలు. ఆ గడులకు ఆ పేరే కావాలి మరి.

కింగ్స్‌లీ 1967లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీలో చేరారు. గడులు చకచకా నిండాయి. 1970లో పీటర్ బ్రూక్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ను తెల్లటి పెట్టెలాంటి సెట్టులో, ఊయలలతో, సర్కస్ విద్యలతో ఆడించినప్పుడు అందులో ప్రేమికుల్లో ఒకడైన డిమెట్రియస్ కింగ్స్‌లీయే. 1975లో హామ్లెట్. అది ఆడింది పెద్ద హాల్లో కాదు, స్ట్రాట్‌ఫర్డ్‌లో ‘ది అదర్ ప్లేస్’ అనే రేకుల షెడ్డులో. జనం చేతికందేంత దగ్గరలో కూర్చుంటారు. వెయ్యి మందికి వినబడేలా గొంతెత్తే అలవాటు అక్కడ పనిచేయదు. కనురెప్ప అనవసరంగా కదిలినా తెలిసిపోతుంది. దర్శకురాలు బజ్ గుడ్‌బాడీ ఆ నాటకం ప్రివ్యూల రోజుల్లోనే, 28 ఏళ్ళకే చనిపోయారు. నాటకం మాత్రం ఆగలేదు. కెమెరా ముందు ఆయన చూపిన పొదుపుకు ఆ రేకుల షెడ్డే బడి అని నా లెక్క. 1980లో ‘నికొలస్ నికల్‌బీ’ నాటకంలో కర్కశుడైన బడి యజమాని స్క్వీర్స్ వేషం వేశారు. రిచర్డ్ అటెన్‌బరో కొడుకు, రంగస్థల దర్శకుడు మైకేల్, గాంధీ పాత్రకు ఆయన పేరు తండ్రికి సూచించారు.

కథ అడ్డం తిరిగింది ఇక్కడే. మోతీలాల్ కొఠారీ అనే భారతీయ ఉద్యోగి 1962లో అటెన్‌బరోకు ఫోన్ చేసి కదిపిన ‘గాంధీ’ సినిమా, 1980 నవంబరు 26న చిత్రీకరణ దాకా వచ్చింది. మన ప్రభుత్వానికి చెందిన జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) కూడా డబ్బు పెట్టింది. మన డబ్బుతో ఇంగ్లిష్ దర్శకుడు, గాంధీగా ఇంగ్లిష్ నటుడు ఏమిటని ఇక్కడ గొడవ రేగింది. భాంజీగా ఉన్నప్పుడు ఇంగ్లండ్‌లో ఎక్కువ భారతీయుడు, కింగ్స్‌లీ అయ్యాక ఇండియాలో ఎక్కువ ఇంగ్లిష్‌వాడు! తండ్రి తరఫున గాంధీ, కింగ్స్‌లీ ఇద్దరూ గుజరాతీ మూలాలవారేనన్న సంగతి ఆ పేరు చాటున పడిపోయింది.

తెర మీద గాంధీకి 1893లో ఇరవై మూడేళ్ళు, 1948లో డెబ్భై ఎనిమిది. చిత్రీకరణ మొదలైన నాటికి కింగ్స్‌లీకి 36. బరువు తగ్గారు, శాకాహారానికి మారారు, యోగా చేశారు, రాట్నం మీద నూలు వడకడం నేర్చుకున్నారు. చర్మం రంగు కూడా ముదురు చేశారు. మేకప్‌కు టామ్ స్మిత్ ఆస్కార్ నామినేషన్ అందుకున్నారు. ముసలితనం మేకప్‌లో మామూలు పద్ధతి ఇది: చర్మాన్ని వేళ్ళతో సాగదీసి పట్టుకుని, ద్రవ రబ్బరు పలచగా అద్ది, ఆరబెట్టి, పౌడరు చల్లి వదిలేస్తారు. వదలగానే చర్మం ముడుచుకుని సన్నటి గీతలు పడతాయి. పొర మీద పొర వేస్తే వయసు పెరుగుతుంది. చెమట దీనికి శత్రువు. కింద తడి చేరితే అంచులు లేస్తాయి, దగ్గరి షాట్‌లో అది పెచ్చులా కనబడుతుంది. రంగు పూతదీ ఇదే బాధ. చెవుల వెనక, మెడ మడతలో, వేళ్ళ సందుల్లో పూత తప్పితే కెమెరా పట్టేస్తుంది. కోటు వేసుకున్న లాయరు గాంధీకి ముఖం, చేతులు చూసుకుంటే చాలు. కొల్లాయి కట్టిన గాంధీకి ఒళ్ళంతా పూయాలి.

1981 జనవరి 31న ఢిల్లీలో తీసిన అంతిమయాత్ర ఘట్టంలో మూడు లక్షల మందికి పైగా పాల్గొన్నారు. సినిమా ఎనిమిది ఆస్కార్లు గెలిచింది, అందులో ఒకటి ఉత్తమ నటుడిగా కింగ్స్‌లీది. హిందీ రూపంలో ఆ పెదవులకు గొంతిచ్చింది పంకజ్ కపూర్. ఆయనే ఆ సినిమాలో గాంధీ కార్యదర్శి ప్యారేలాల్ కూడా. 1984లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

అప్పటికి రంగు పూసుకునే వేషాల మీద బ్రిటన్‌లో అభ్యంతరాలు గట్టిపడుతున్నాయి. 1964లో నటుడు లారెన్స్ ఒలివియే షేక్స్‌పియర్ నాటకంలోని నల్లజాతి సేనాని ఒథెల్లో వేషం కోసం ఒళ్ళంతా ముదురు రంగు పట్టించి, మెరుపు కోసం షిఫాన్ గుడ్డతో రుద్దించుకునేవారు. స్ట్రాట్‌ఫర్డ్‌లో 1959లోనే నల్లజాతి నటుడు పాల్ రోబ్సన్ ఒథెల్లో ఆడారని గుర్తుంచుకుంటే, నల్లజాతి నటులు దొరకలేదన్న వాదన నిలవదు. 1985లో అదే వేషం కింగ్స్‌లీకి వచ్చింది, అందులో విలన్ ఇయాగోగా డేవిడ్ సూషే. మనవైపు ఇది తిరగేసి కనబడుతుంది. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’లో రూథర్‌ఫర్డ్ దొర మన జగ్గయ్య. అప్పుడు ఎవరూ ఏమీ అనుకోలేదు. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ నాటికి దొర వేషానికి ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన రే స్టీవెన్సన్‌నే తెచ్చుకున్నాం. ఈ రెంటినీ ఒకే త్రాసులో తూయలేం. దొర వేషం జగ్గయ్యకు వెళ్తే ఉపాధి పోయే తెల్లనటులు మద్రాసులో బారులు తీరి లేరు.

తర్వాతి కింగ్స్‌లీ జాబితా చూడండి. 1991లో యూదు ముఠా నాయకుడు మేయర్ లాన్‌స్కీ. 1993లో ‘షిండ్లర్స్ లిస్ట్’లో లెక్కలు చూసే ఇత్జాక్ స్టెర్న్. 2000లో ‘సెక్సీ బీస్ట్’లో నోరు తెరిస్తే బూతులే వచ్చే లండన్ రౌడీ డాన్ లోగన్. గాంధీ మాత్రమే తెలిసినవాళ్ళు ఈ చివరిది చూసి తేరుకోవడం కష్టం. 2003లో ఇరాన్ నుంచి వచ్చేసిన కల్నల్. 2013లో ‘ఎండర్స్ గేమ్’ కోసం ముఖం నిండా పచ్చబొట్లతో, న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల సంతతి యోధుడు, దాని మీద విమర్శలొచ్చాయి. పేరు మార్పు ఆయనకిచ్చింది ఇంగ్లిష్ వేషాలు మాత్రమే కాదు, ఏ జాతి వేషమైనా వెయ్యగల స్వేచ్ఛ కూడా. భాంజీకి అది ఇచ్చేవారని నేను నమ్మను. అదే ఏడాది ‘ఐరన్ మ్యాన్ 3’లో ఆయన పాత్ర ప్రపంచాన్ని వణికించే ఉగ్రవాది మాండరిన్. సగంలో తెలుస్తుంది, అతను ఆ వేషం వెయ్యడానికి డబ్బులిచ్చి తెచ్చుకున్న ట్రెవర్ స్లాటరీ అనే బ్రిటిష్ నటుడని.

ఆ తర్వాతి తరం సొంత పేర్లతోనే పనిచేస్తోంది. దేవ్ పటేల్ 2019 నాటి సినిమాలో డికెన్స్ నవలలోని ఇంగ్లిష్ కథానాయకుడు డేవిడ్ కాపర్‌ఫీల్డ్ అయ్యారు. నటుడు రిజ్ అహ్మద్ 2017లో బ్రిటిష్ పార్లమెంటు భవనంలోనే నిలబడి, తెర మీద ఎవరు కనబడుతున్నారన్నది ఎందుకు ముఖ్యమో ప్రసంగించారు. గడుల కాగితం మాత్రం కంప్యూటర్లోకి మారింది. 1927 నుంచి నడుస్తున్న నటుల డైరెక్టరీ ‘స్పాట్‌లైట్’లో ప్రతి నటుడి పేజీలో ఎత్తు, కళ్ళ రంగు, జుట్టు, వెయ్యగల వయసు, మాట్లాడగల యాసలు, వాటితోపాటు చూడ్డానికి ఏ జాతివాడిలా ఉంటాడన్న వరస కూడా ఉంటుంది. వేషాలకు మనుషుల్ని వెతికేవాళ్ళు ముందు ఆ వరసల్ని బట్టే జాబితా వడపోస్తారు. పేరు కనబడేది ఆ తర్వాతే.