పోప్ హోమర్‌ను ఎత్తిరాశాడా? కొత్త అనువాదకుల కోసం అపోహలు - వాస్తవాలు

అనువాదం నేర్చుకోవాలని వచ్చే పిల్లల్ని ఎవరు భయపెడతారో తెలీదు. "పాత అనువాదాలు చూడకూడదండీ, అది కాపీ అవుతుంది" అంటారు. వెంటనే ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్‌ను ఇంగ్లీషు చేసిన 18వ శతాబ్దపు ఆంగ్లకవి అలెగ్జాండర్ పోప్ పేరు తీస్తారు. "ఆయనకు గ్రీకే రాదటగా, ఫ్రెంచి చూసి రాశాడటగా!" ఈ 'అట'లు వినీ వినీ విసుగొచ్చింది.

పోప్‌కు గ్రీకు వచ్చు, పండితుడి స్థాయిలో కాదంతే. క్యాథలిక్కు కాబట్టి ఆనాటి ఇంగ్లండులో యూనివర్సిటీ చదువుకు వీల్లేదు. చాలావరకు సొంతంగా నేర్చుకున్నాడు. అందుకే ఇలియడ్ చేస్తున్నప్పుడు మూలంతో పాటు అంతకుముందే వచ్చిన చాప్‌మన్, ఓగిల్బీల ఇంగ్లీషు అనువాదాలూ, మదాం దాసియే ఫ్రెంచి వచనానువాదమూ దగ్గర పెట్టుకున్నాడు. దాచలేదు కూడా. 1715లో వచ్చిన మొదటి సంపుటం ముందుమాటలోనే చాప్‌మన్, హాబ్స్, ఓగిల్బీల అనువాదాల మంచిచెడ్డలు చర్చించాడు. ఇది దొంగ చేసే పనేనా?

మొన్నామధ్య ఒకమ్మాయి పాత ఇంగ్లీషు ప్రతి ఒకటి పట్టుకుని, ఇలియడ్‌లో ట్రాయ్ వీరుడు హెక్టర్ యుద్ధానికి వెళ్తూ భార్య దగ్గర సెలవు తీసుకునే ఘట్టం తెలుగు చేస్తోంది. ఇంకో అనువాదం ముట్టనని పంతం. తండ్రి శిరస్త్రాణం చూసి పసివాడు జడుసుకునే చోట ఆగిపోయింది. దాని మీద ఊగుతున్నదేమిటో అంతుపట్టలేదు. మరో మూడు అనువాదాలు ముందు పరిచాం. గుర్రపు వెంట్రుకల కుచ్చు! కాసేపట్లో తేలిపోయింది. పాపం, అప్పటికే ఎన్ని రాత్రులు నిద్ర పాడుచేసుకుందో.

పోప్‌ను తప్పుపట్టాలంటే హోమర్ ఇంకో కావ్యం ఒడిస్సీ అనువాదం దగ్గర పట్టండి. 24 సర్గల్లో ఆయన సహాయకులు బ్రూమ్ 8, ఫెంటన్ 4 చేశారు. పుస్తకం చివర మాత్రం ఇద్దరివీ కలిపి 5 అని బ్రూమ్ చేతే రాయించారు. పక్కవాళ్ల పుస్తకం చూడటం వేరు, పక్కవాళ్ల కష్టాన్ని తక్కువ చేసి చూపడం వేరు.

మిగతా అపోహల సంగతి గబగబా చెప్తాను. అనువాదం కూడు పెట్టదా? ముందే చందాలు కట్టించుకుని అచ్చేసిన ఇలియడ్ మీద పోప్‌కు దాదాపు 5,000 పౌండ్లు వచ్చాయి. పోప్ అనువాదంలోని అంత్యప్రాస హోమర్‌ది కాదు, నిజమే. అది పోప్ తెలిసి ఎంచుకున్నది, నచ్చకపోతే మానేయండి.

"టాలెంట్ ఉన్నవాళ్లకి టెన్షన్ ఉండదు" అంటారా? ఇలియడ్ మొదలుపెట్టిన కొత్తలో తనను ఎవరైనా ఉరి తీస్తే బాగుండునని అనుకునేవాడినని, ఆ పని కలల్లోకి కూడా వచ్చేదని పోపే తన స్నేహితుడు స్పెన్స్‌తో చెప్పుకున్నాడు. పొద్దున్నే మంచం దిగకముందు 30, 40 పంక్తులు చేసేసి, మిగతా పూటంతా వాటిని దిద్దుకోవడం అలవాటయ్యాకే పని సాఫీగా సాగిందట.